ప్యాకింగ్ చెక్కలో దిగిన పెంకు పురుగులు

1996 ఆగస్టులో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో మేపుల్ చెట్ల మానులకు పెన్సిల్ దూరేంత గుండ్రటి రంధ్రాలు కనపడ్డాయి. ఆకతాయిలెవరో డ్రిల్లుతో చేసిన పని అనుకున్నారు మొదట. తీరా చూస్తే అది తెల్ల మచ్చల నల్ల పెంకు పురుగు, ఏషియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్. చైనా సరుకుల చెక్క పెట్టెల్లో దిగింది.

పెట్టెల్లోకి ఎలా చేరిందంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. ఎడారి ముందుకు రాకుండా ఉత్తర చైనాలో 1978 నుంచి భారీగా చెట్లు పెంచారు. త్వరగా ఎదుగుతుందని పాప్లర్‌ను విస్తారంగా నాటారు. ఈ పురుగుకు ఇష్టమైన మేతే అది. వరసలు వరసలుగా దొరికేసరికి విపరీతంగా పెరిగింది. పురుగు తొలిచిన కలప ఫర్నిచర్‌కు పనికిరాదు. ప్యాకింగ్ పెట్టెకు సరిపోతుంది.

చైనా నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్కకు, లోపలి పురుగులు చచ్చేలా శుద్ధి చేయడాన్ని అమెరికా 1998 డిసెంబర్‌లో తప్పనిసరి చేసింది. 2002లో ప్యాకింగ్ చెక్కకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం చెక్క నడిమధ్య కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడి ఎడతెగకుండా 30 నిమిషాలు ఉండాలి. తప్పు జరిగేది ఇక్కడే: బట్టీలో గాలి 56కు చేరగానే లెక్క మొదలుపెడితే, మందపాటి దుంగ లోపలి పురుగు బతికే ఉంటుంది. బెరడు వదిలేస్తే శుద్ధి తర్వాత కూడా కొత్తగా గుడ్లు పడతాయి. అందుకే 2009 సవరణలో బెరడు తీయడం తప్పనిసరి చేశారు. అక్కడక్కడా మిగిలిన బెరడు ముక్క వెడల్పు 3 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలు, అంతకు మించితే దాని వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు.

ఈ తలుపులన్నీ మూసేసరికే రెండో పురుగు లోపల ఉంది. యాష్ అనే జాతి చెట్లను తొలిచే ఈ ఎమరాల్డ్ యాష్ బోరర్‌ను అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర గుర్తించింది 2002లో. చచ్చిన యాష్ చెట్ల వార్షిక వలయాలు లెక్కపెడితే, అది 1990ల తొలి సగంలోనే వచ్చిందని తేలింది. వేలిగోరంత పచ్చటి పురుగు, ముందు చిటారు కొమ్మల్లో చేరుతుంది. పిల్లపురుగులు బెరడు కింద మెలికలుగా తొలుస్తూ పోషక రసం నడిచే దారిని తెంచేస్తాయి. ఇంగ్లిష్ ‘డీ’ అక్షరం ఆకారంలో 3–4 మిల్లీమీటర్ల రంధ్రాలు కంటి ఎత్తులో కనపడేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి. కెనడాలోని ఒంటారియోలో 10 కిలోమీటర్ల వెడల్పున యాష్ చెట్లు నరికి ఖాళీ పట్టీ చేశారు. పురుగు అప్పటికే దాన్ని దాటేసింది. మిగతా దూరం పొయ్యి కట్టెల బండ్లెక్కి పోయింది. యాష్ కలప, కట్టెల తరలింపుపై పెట్టిన ఆంక్షల్ని (ఫెడరల్ క్వారంటైన్) 2021 జనవరిలో అమెరికా ఎత్తేసింది. ఓటమిని ఒప్పుకోవడమే అది.

మొదటి పురుగు సంగతి వేరు. చాలావరకు తాను పుట్టిన చెట్టునో పక్క చెట్టునో అంటిపెట్టుకుంటుంది, రంధ్రం పెద్దది, కంటికి ఆనుతుంది. షికాగోలో 2008కి, ఇంగ్లండ్‌లోని కెంట్‌లో 2019కి నిర్మూలించారు. కెంట్‌లో అందుకు 2,000కు పైగా చెట్లు నరికి తగలబెట్టారు.

యాష్‌కు మిగిలింది చెట్టు చెట్టుకూ మందు. ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందును వసంతంలో ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, నేలలో తేమ ఉన్నప్పుడు మాను అడుగున ఇంజెక్షన్‌గా ఇస్తే రెండు మూడేళ్లు చెట్టును కాపాడుతుంది. యాష్‌లో నీరు ఎక్కేది బయటి వలయాల్లోనే; లోతుగా డ్రిల్ చేస్తే మందు పైకి పోదు, గాయం మాత్రం మిగులుతుంది. సగం కొమ్మలు ఎండిన చెట్టుకు ఇదీ దండగే, తెగిన దారుల్లో మందు ఎక్కదు. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో పురుగుమందును చెట్టు మొదలు చుట్టూ పోసేటప్పుడు ఆకుచెత్త పక్కకు లాగాలి, లేకపోతే మందు దానికే అంటుకుపోతుంది.

అడవిలో ప్రతి చెట్టుకూ మందు వేయలేరు కాబట్టి ఈ పురుగు గుడ్లలో, పిల్లపురుగుల్లో తమ గుడ్లు పెట్టి వాటిని చంపే పరాన్నజీవి కందిరీగల్ని 2007లో చైనా నుంచి తెచ్చి వదిలారు. వాటిలో బాగా స్థిరపడిన టెట్రాస్టికస్ గుడ్డు పెట్టే సూది పొట్టిది. పలచటి బెరడున్న లేత చెట్లనే కాస్తుంది. మందపాటి బెరడుకు పొడుగు సూది ఉన్న స్పాథియస్ గలినే అనే కందిరీగను రష్యా తూర్పు కొస నుంచి తెచ్చి 2015లో వదిలారు.