నడుము నొప్పి: మా గదిలో రోజూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నడుము నొప్పితో వచ్చేవారిలో చాలామంది కూర్చోకముందే స్కాన్ కవరు బల్ల మీద పెడతారు. నొప్పి ఎప్పుడు మొదలైందని నేను అడిగేలోపే, "నాలుగో ఎముకకూ ఐదో ఎముకకూ మధ్య గుజ్జు జారిపోయిందండీ" అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో వణుకు ఉంటుంది. ఫిజియోథెరపిస్టుగా ఇన్నేళ్లలో నేను చూసింది ఏమిటంటే, నొప్పి మనిషిని కొన్ని వారాలు కూర్చోబెడితే, దాని చుట్టూ అల్లుకున్న భయం ఏళ్ల తరబడి కూర్చోబెడుతుంది.

అపోహ: స్కాన్‌లో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే గుజ్జు) ఉబ్బినట్టు కనిపిస్తే నడుము పాడైపోయినట్టే.

వాస్తవం: నడుము నొప్పి లేనివారిలో చాలామంది స్కాన్లు కూడా ఇలాగే ఉంటాయి. మొత్తం 3,110 మంది నొప్పి లేనివారి స్కాన్ ఫలితాలను సమీక్షించి 2015లో ప్రచురించారు. 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో డిస్కులు అరిగిన గుర్తులు కనిపించాయి. 50 ఏళ్లకు వచ్చేసరికి అరుగుదల 80 శాతం మందిలోనూ, ఉబ్బు 60 శాతం మందిలోనూ ఉంది. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇదీ. పైగా డిస్క్ జారిపడే వస్తువు కాదు, పై వెన్నుపూసనూ కింది వెన్నుపూసనూ గట్టిగా పట్టుకుని ఉంటుంది. కొందరిలో అది ఉబ్బి నరాన్ని ఒత్తుతుంది. అప్పుడు నొప్పి పిరుదు నుంచి కాలిలోకి జివ్వుమని పాకుతుంది. అదే సయాటికా. అలా బయటికి వచ్చిన భాగం కూడా చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది. స్కాన్ అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ మనిషిని పరీక్షించకుండా ఫిల్మును మాత్రమే చూసి చెప్పే తీర్పును నమ్మకండి.

అపోహ: ఒకసారి నడుము నొప్పి వస్తే ఇక వంగకూడదు, బరువులు ఎత్తకూడదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే. కుట్టుమిషను మీద ఇల్లు నడిపే ఒకావిడ మా దగ్గరికి వచ్చారు. ఎనిమిది నెలలుగా బిందె ముట్టలేదు, చంటిబిడ్డ అయిన మనవడిని ఎత్తుకోలేదు. నేల మీద ఉన్న పెన్ను తీయమన్నాను. ముందు గోడ పట్టుకున్నారు, ఊపిరి బిగబట్టారు, నడుమును కర్రలా నిలిపి మోకాళ్ల మీదికి దిగారు. "వంగితే డిస్క్ బయటికి వచ్చేస్తుందన్నారండీ" అన్నారు. రోజంతా అలా బిగబట్టి ఉన్న కండరాలు నొప్పి పెట్టక ఏం చేస్తాయి?

మొదటి వారం కుర్చీలో కూర్చోబెట్టి, ఊపిరి వదులుతూ చేతులు పాదాల దగ్గరికి వేలాడనివ్వడం ఒక్కటే చేయించాను. తర్వాత రెండు కిలోల పప్పు డబ్బాను పీట మీది నుంచి ఎత్తించాను, ఆపైన నేల మీది నుంచి. చేసినప్పుడు వచ్చిన నొప్పి మర్నాటికి తగ్గిపోతే బరువు కొంచెం పెంచేవాళ్లం, తగ్గకపోతే ఒక మెట్టు దిగేవాళ్లం. మూడో నెలలో నిండు బిందెను చంకకెత్తారు. ఆవిడ డిస్క్ ఎలా ఉందో మళ్లీ స్కాన్ తీయించలేదు, ఆ అవసరమే రాలేదు.

వెన్ను వంగడానికే ఉంది. అలవాటు లేని బరువు ఒక్కసారిగా మీద పడితేనే చిక్కు. ఏడాది పొడవునా ఏమీ ఎత్తని మనిషి పండగ ముందురోజు నిండు గ్యాస్ సిలిండరు లేపుతాడు. అది దాదాపు 30 కిలోలు. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి, ఊపిరి బిగబట్టకండి, తిరగాలంటే పాదాలతో తిరగండి. అంతకంటే ముఖ్యంగా, మిగతా రోజుల్లో కూడా కొంత బరువు ఎత్తుతూ ఉండండి.

అపోహ: నొప్పి పూర్తిగా పోయేదాకా పడకే మందు.

వాస్తవం: హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందితో చేసిన ప్రయోగం 1995లో వెలువడింది. రెండు రోజులు మంచం మీద పడుకున్నవారికంటే, వ్యాయామాలు చేసినవారికంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు కాసేపు నడుము వాల్చడం తప్పు కాదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

చెక్కబల్ల మీద పడుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. మరీ గట్టి పరుపుకంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నదే మేలని 2003లో 313 మందితో చేసిన ప్రయోగంలో తేలింది.

అపోహ: కరెంటు పెట్టించుకుని బెల్టు కట్టుకుంటే చాలు.

వాస్తవం: మా వృత్తి అంటే కరెంటు పెట్టడమేనని జనం అనుకోవడంలో మా తప్పూ ఉంది. దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టి ఉంచడం), ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్ చికిత్స, చర్మం మీద కరెంటు పెట్టే టెన్స్ వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచించింది. నొప్పిని సంభాళించుకునే మెలకువలు నేర్పడాన్ని, వ్యాయామాన్ని సిఫారసు చేసింది. అవే మీరు మా దగ్గర అడిగి తీసుకోవాల్సినవి.

అపోహ: ఎదురుకాళ్లతో పుట్టినవారు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుంది.

వాస్తవం: హఠాత్తుగా పట్టేసిన నడుము చాలామందికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. తొక్కించుకున్నా సర్దుకుంటుంది, తొక్కించుకోకపోయినా సర్దుకుంటుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవారిని మాత్రం దయచేసి తొక్కించకండి, వెన్నుపూస విరగవచ్చు.

తగ్గాక మళ్లీ రాకుండా ఏం చేయాలంటే, నడవండి. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన ప్రయోగం 2024లో వచ్చింది. వారిలో కొందరికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడవడం లక్ష్యం. నడక మొదలుపెట్టిన వారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పడితే, మిగతా వారిలో 112 రోజులే పట్టింది.

ఇక ఈ లక్షణాలుంటే వ్యాయామం సంగతి పక్కన పెట్టండి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట, జననాంగాల చుట్టూ తిమ్మిరెక్కడం, నడుస్తుంటే తెలియకుండానే చెప్పు జారిపోయేంతగా పాదం బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే, రాత్రయినా సరే, అత్యవసర విభాగానికి వెళ్లాలి. నడుము నొప్పితో పాటు సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, పడిపోయిన తర్వాత నొప్పి మొదలైనా ముందు డాక్టరుకు చూపించుకోండి. మా దగ్గరికి ఆ తర్వాత రావచ్చు.