మామిడి కొట్టి కోకో పెట్టాలా? చిత్తూరు మెట్టల్లో రగిలిన పాత ప్రశ్న

తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడల్లా చెట్లు కొట్టేసి ఇంకేదైనా పెడదామన్న మాట చిత్తూరు జిల్లాలో లేస్తుంది. ఈసారి అది చాక్లెట్‌కు గింజనిచ్చే కోకో దగ్గర ఆగింది. 2025లో గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 ఇస్తాయన్నారు. ఫ్యాక్టరీల 8 కూడా రావడం లేదని రైతులు రోడ్డెక్కారు. అంతకు ముందు ఏడాదే ఘనా, ఐవరీకోస్ట్ తోటలు దెబ్బతిని ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 10,000 డాలర్లు దాటింది. ఏలూరు వైపు ఎండు గింజ కిలో వెయ్యి పలికిందన్న కబురు బంగారుపాళ్యం దాకా పాకింది.

చెనక్కాయ పండించి పండించి నేల ఎలా పాడైందో ఇక్కడ అందరికీ తెలిసిందే. చెనక్కాయ నుంచి మామిడికి అసలు మలుపు 2006 తర్వాత ఉపాధి హామీతో వచ్చింది. గుట్టల వారన ఉన్న డీకేటీ భూముల్లో (పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చినవి) కూలీలు వాలుకు అడ్డంగా కందకాలు తీశారు, గరుసు నేలలో గుంతలు తవ్వి మామిడి నాటారు, ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్లు పోశారు. ఏటా వానకు కొట్టుకుపోయే పైమట్టి కందకాల్లో నిలిచింది, చెట్ల కింద ఆకు కుళ్లడం మొదలైంది. నేల బాగుపడింది. కానీ పెట్టిందేమో ఎక్కువగా తోతాపురి, దాన్ని కొనేదేమో గుజ్జు ఫ్యాక్టరీలు. ఇవాళ్టి గొడవ ఇక్కడే పుట్టింది.

కోకో కావాలనేవాళ్ల వాదనలోనూ బలముంది. విపరీతంగా ఆకు రాల్చే చెట్టు అది, నేలకు మేలే. డ్రిప్ పెడితే మూడు నాలుగేళ్లలో కాపుకొస్తుంది.

నీళ్ల దగ్గరే రైతులు అడ్డం తిరుగుతున్నారు. కోకోకు ఏడాది పొడవునా సర్దుకుని పడే 1,500 మిల్లీమీటర్ల వాన కావాలి. ఇక్కడ పడేది సుమారు 900, అదీ చాలావరకు నవంబరుకే అయిపోతుంది. బోరు ఎండినా పెద్ద మామిడి ఎండాకాలం దాటుతుంది, కోకో దాటదు. పైగా దానికి నీడ కావాలి. గోదావరి జిల్లాల్లో అది కొబ్బరి కింద పెరుగుతోంది. మామిడి కొట్టేసిన బోడి గుట్టమీద నీడ ఎక్కడిది?

కొనేవాడి సంగతి ఇంకా ముఖ్యం. 1980 ప్రాంతంలో ధర పడి కొనుగోళ్లు తగ్గినప్పుడు కేరళ రైతులు కోకో చెట్లు నరికేశారు. కర్ణాటకలో రైతుల సహకార సంఘం క్యాంప్కో ముందుకొచ్చి గింజలు కొంది, 1986లో అక్కడి పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. అలాంటి అండ మనకు లేదు. 2025లో ధర సగానికి పడి ఏలూరు కోకో రైతులు కూడా రోడ్డెక్కారు.

అందుకే చిన్న రైతులు అడుగుతున్నది న్యాయంగా ఉంది: బోరులో నీళ్లుండి కొబ్బరి ఉన్న కయ్యల్లో ముందు అరెకరం వేసి చూద్దాం, కొనే ధర కాగితం మీద రాయించండి, గుట్టల మీద మామిడి జోలికి పోవద్దు, పూడిపోయిన కందకాలను ఈ వానలకు ముందే మళ్లీ తీయించండి.