లేబుల్ మీద ‘క్రీమ్’ అని ఉంటే కొంప మునగదు: పేజీ క్వాలిటీ అపోహలు - వాస్తవాలు

“అన్నా, లేబుల్ మీద క్రీమ్ టు ఆఫ్-వైట్ అని ఉంది, ఇగ పోయినట్టేనా?” ఈ ప్రశ్న నాకు కరీంనగర్ నుంచి వస్తుంది, మంచిర్యాల నుంచి వస్తుంది, మా హనుమకొండలోనే రెండు గల్లీల అవతల నుంచి కూడా వస్తుంది. అదీ తెల్లవారుజామున, అమెరికాలో వేలాలు ముగిసే టైముకి. పాత కామిక్స్ కొని అమ్మడం, గ్రేడింగుకి పంపాలనుకునేవాళ్ల పుస్తకాలు ముందుగా చూసి, ప్యాక్ చేసి పంపడం నా పని కాబట్టి ఫోన్ ఎత్తక తప్పదు. కానీ ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది, అందుకే రాస్తున్నా. సీజీసీ అంటే అమెరికాలో కామిక్స్ స్థితి చూసి గ్రేడ్ అంకె వేసే కంపెనీ, స్లాబ్ అంటే అది పుస్తకాన్ని లేబుల్‌తో సహా బిగించి పంపే ప్లాస్టిక్ డబ్బా, అంతకంటే మొదటి నుంచి మొదలుపెట్టను.

అందరి జేబుకీ ఎక్కువ చిల్లు పెట్టేదాన్నే ముందు పట్టుకుందాం.

అపోహ: పేజీలు తెల్లగా లేకపోతే గ్రేడ్ ఎంత ఉన్నా దండగే.

అంకె వేరు, దాంతో పాటు లేబుల్ మీద లోపలి పేజీల రంగు, స్థితి చెప్పే పేజీ క్వాలిటీ లైన్ వేరు. 0.5 నుంచి 10.0 దాకా ఉండే ఆ అంకెని పుస్తకం మొత్తం చూసి వేస్తారు: స్పైన్ (పుస్తకం వెన్ను) మీద గీతలు, మూలలు, మడతలు, చిరుగులు, స్టేపుల్స్ దగ్గర తుప్పు, అన్నీ. కాగితం కూడా వాళ్ల కళ్లముందే ఉంటుంది కదా, అది మరీ పాడై ఉంటే అంకె మీద కూడా దెబ్బ పడుతుంది. అంటే ఆఫ్-వైట్ పేజీలున్న 8.0 పుస్తకం, ఆ పేజీలతో సహా చూసిన తర్వాతే 8.0 అయింది. మీరు మళ్లీ రంగు వంక పెట్టి మనసులో దాన్ని 7.0 చేసుకుంటే ఒకే తప్పుకి రెండుసార్లు జరిమానా కట్టించినట్టు. వైట్ పేజీలతో 2.0 ఉన్న పుస్తకాలున్నాయి, క్రీమ్ టు ఆఫ్-వైట్‌తో 9.0 దాటినవీ ఉన్నాయి.

ఆ లైన్లో రాసే మెట్లు పై నుంచి కిందికి ఇవి: వైట్, ఆఫ్-వైట్ టు వైట్, ఆఫ్-వైట్, క్రీమ్ టు ఆఫ్-వైట్, ఆ తర్వాత టాన్ (లేత గోధుమ) రకాలు, అన్నిటికంటే కింద స్లైట్లీ బ్రిటిల్ (కొంచెం పెళుసు), బ్రిటిల్ (పెళుసు). ఈ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయనుకోవడం దగ్గరే మనవాళ్లు బోర్లా పడుతున్నారు. మొదటి నాలుగూ రంగులో తేడాలు, అంతే. ధర కొంచెం అటూ ఇటూ అవుతుంది, కాదనను. టాన్ దగ్గర కొనేవాళ్లు ఆలోచనలో పడతారు. బ్రిటిల్ అన్న మాట కనిపించిందా, ఇక అక్కడ నిజంగానే భయపడాలి, ఎందుకంటే ఆ కాగితం చేతిలోనే విరుగుతుంది.

పసుపెక్కడం, పెళుసెక్కడం ఒకటే అనుకుంటారు జనం. పాత కామిక్స్ లోపలి పేజీలు న్యూస్‌ప్రింట్. కర్రని యంత్రాల్లో రుబ్బి తీసిన గుజ్జుతో చేస్తారు కాబట్టి అందులో లిగ్నిన్ అనే కర్రలోని పదార్థం అలాగే ఉండిపోతుంది, వెలుతురూ గాలీ తగిలేకొద్దీ అది పసుపు రంగుకి తిరుగుతుంది. పెళుసు సంగతి వేరే. కాగితంలో ఉన్న ఆమ్లం సెల్యులోజ్ పోగుల్ని లోపల్లోపలే తెంపుకుంటూ పోతుంది, వేడీ తేమా దాన్ని ఇంకా తొందరపెడతాయి. ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి, కానీ క్రీమ్ రంగుకి తిరిగి కూడా మెత్తగా, బట్టలా వంగే పేజీలు రోజూ నా చేతుల్లోంచి పోతుంటాయి. మన ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాడు రంగు చూసి ఊరుకుంటాడా? గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూస్తాడు. కాగితాన్నీ అట్లాగే చూడాలి.

స్లాబులో ఉన్నదాన్ని నలపలేం కదా అంటారు. నలపక్కర్లేదు. స్లాబుని నిటారుగా పట్టుకుని లోపల అడుగు అంచు దగ్గర చూడండి, గోధుమరంగు పొట్టు లాంటి ముక్కలు రాలి ఉన్నాయా అని. తర్వాత పక్కకు తిప్పి పేజీల అంచులు చూడండి. అంచులన్నీ ఒకే రంగులో, నున్నగా ఉంటే టెన్షన్ లేదు. ఎలుక కొరికినట్టు సన్నసన్నగా ఊడి ఉంటే లేబుల్ ఏం చెప్పినా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. స్లాబులో లేని పుస్తకమైతే మధ్యలోకి తెరిచి ఒక్క పేజీని దాని బరువుతో దాన్నే వంగనివ్వండి. మెత్తగా వాలితే మంచిదే, ఎండుటాకులా చప్పుడు చేస్తూ బిగుసుకుని ఉంటే దాన్ని మూసి పక్కన పెట్టండి. కొందరు మహానుభావులు మూల మడిచి చూస్తారు, విరిగితే పెళుసు అట! విరిగింది మరి, ఇప్పుడేం చేస్తావు?

పోయిన ఎండాకాలం నర్సంపేట వైపు నుంచి ఒక అక్క వచ్చింది. వాళ్ల నాన్న టీచరు, ఇంద్రజాల్ కామిక్స్ ఒక ట్రంకు పెట్టె నిండా దాచి పోయాడు. ఫోటోలు పంపితే ఎవరో కొనేవాడు, “పేజీలన్నీ పసుపమ్మా, వీటిని ఎవరూ గ్రేడింగుకి కూడా తీసుకోరు, తూకం లెక్కన ఇస్తా” అన్నాడట. ఆమెకి డబ్బు బాధ కంటే, నాన్న అంత జాగ్రత్తగా దాచినవి చెత్తయిపోయాయన్న బాధ ఎక్కువ ఉంది. పెట్టె తెరిచి చూశాం. అంచుల చుట్టూ వేలెడు వెడల్పున గోధుమ రంగు, లోపలికి పోయేకొద్దీ క్రీమ్, నడిమధ్య పేజీలు ఇంకా తేటగానే ఉన్నాయి. స్టేపుల్స్‌కి తుప్పు లేదు. పేజీలు మెత్తగా వంగుతున్నాయి. పెట్టె అడుగున చెమ్మ పట్టినవి కొన్ని మాత్రం నిజంగానే పోయాయి, ముట్టుకుంటే పొడి రాలింది. మిగతావన్నీ బంగారంలాంటి పుస్తకాలు. 1964 మార్చిలో మొదలైన సిరీస్ అది, ఆనాటి మన న్యూస్‌ప్రింట్ మీద అచ్చయింది ఇన్నేళ్ల తర్వాత పాలలా తెల్లగా ఉండాలంటే ఎట్లా? ఇంద్రజాల్ కలెక్టర్లకి ఆ సంగతి తెలుసు, ఆ రంగుకే ధర కట్టి కొంటారు. ఫోన్లో మాట్లాడినవాడికీ తెలుసు. తెలిసే అన్నాడు. నాకు మండేది అక్కడే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వైట్ అని ఉంటే ఎంతైనా పెట్టేయొచ్చు అనుకునేవాళ్లు. 1940ల, 60ల పుస్తకానికి వైట్ పేజీలు రావడం గొప్పే, దానికి కొంత ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు. కానీ 1990ల తర్వాత మంచి కాగితం మీద అచ్చయిన పుస్తకానికి వైట్ అని రాకపోతేనే ఆశ్చర్యం. దాన్ని పెద్ద అక్షరాల్లో రాసి రేటు పెంచితే నవ్వి ఊరుకోండి. ఇంకో సంగతి, ఆఫ్-వైట్ టు వైట్‌కీ వైట్‌కీ మధ్య ఉన్న ఆ ఒక్క మెట్టుని తేల్చేది మనిషి కన్ను. అదే పుస్తకం మళ్లీ పంపితే ఒక మెట్టు అటో ఇటో రావడం కలెక్టర్లకి కొత్త కాదు. ఆ ఒక్క మాట కోసం స్లాబు పగలగొట్టి, ఫీజు కట్టి, రానూపోనూ షిప్పింగు, పైన కస్టమ్స్ భరించి, దారిలో మూల నలిగి అంకె తగ్గితే ఎవరిని అడుగుతారు?

కాజీపేట తమ్ముడొకడు 1974 నాటి హల్క్ కామిక్ 181వ సంచిక కొనాలని రెండు కాపీలు పక్కపక్కన పెట్టుకుని వారం రోజులు నా ప్రాణం తీశాడు. ఒకటి ఆఫ్-వైట్, రెండోది ఆఫ్-వైట్ టు వైట్, రెండోదే తక్కువకి వస్తోంది, ఏది కొనాలన్నా, ఏది కొనాలన్నా అని. చివరికి ఫోటో పంపమంటే ఆ రెండోదాని లేబుల్ ఆకుపచ్చగా ఉంది, అంటే పుస్తకంలో ఏదో పెద్ద లోపం ఉందని గుర్తు. లోపలి మార్వెల్ వాల్యూ స్టాంపు (కత్తిరించి దాచుకోమని మార్వెల్ కంపెనీ పేజీలో అచ్చేసిన చిన్న బొమ్మ) ఎవరో పిల్లలు అప్పట్లోనే కత్తిరించేసుకున్నారు, ఆ సంగతి లేబుల్ మీదే రాసి ఉంది. స్టాంపు లేని ఆ పుస్తకం కాపీలు బోలెడన్ని తిరుగుతున్నాయి. మనవాడు రంగు మాట చదివాడు, దాని పక్కనున్న లైను చదవలేదు. లేబుల్ అంతా చదవండి బాబూ, దానికే కదా డబ్బులు కట్టేది.

అపోహ: ఇంట్లో తెల్లబరచొచ్చు.

వద్దు. దండం పెడతా, వద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసినవాళ్లని చూశాను, ఎండలో ఆరబెట్టినవాళ్లని చూశాను (లిగ్నిన్‌కి ఎండే శత్రువు అని ఇప్పుడే కదా చెప్పుకున్నాం). నా దగ్గరికి వచ్చిన ఒక పుస్తకం కవరు వెలిసిపోయి, ఎరుపు కాస్తా గులాబీ రంగైంది, లోపలి పేజీలు నీటికి అలలు అలలుగా ముడుచుకున్నాయి. కాగితానికి రసాయనాలతో శుద్ధి చేయడం చదువుకుని, సామగ్రి పెట్టుకుని చేసే పని. కవరుకి రంగు పూసి దిద్దారని దొరికితే పుస్తకం ‘మరమ్మతు చేసింది’ అని చెప్పే ఊదా రంగు లేబుల్‌తో తిరిగొస్తుంది, అప్పుడు పడిపోయే ధర ముందు క్రీమ్ రంగుకి పడే తేడా ఏపాటిది?

మిగతావి గబగబా.

కవరు తెల్లగా మెరుస్తోంది కాబట్టి లోపల కూడా తెల్లగా ఉంటుందని అనుకోకండి, కవరు కాగితం వేరు, లోపలిది వేరు. ఫోటో చూసి రంగు తేల్చకండి, పసుపు బల్బు కింద వైట్ పేజీ కూడా క్రీమ్‌లా పడుతుంది. పక్కన ఒక ఏ4 కాగితం పెట్టి పగటి వెలుతురులో తీయమని అడగండి, తీయనన్నాడంటే మీకే అర్థమవుతుంది.

స్లాబులో పెట్టాక ఇక కాగితం మారదన్నది ఇంకోటి. స్లాబు దెబ్బల నుంచి కాపాడుతుంది, అది గాలి చొరబడని డబ్బా కాదు. లేబుల్ మీదున్నది ఆ రోజు మాట. మన దగ్గర ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలే, రేకుల కింద అటక మీద పెట్టి “అమెరికా స్లాబు, ఏం కాదు” అంటే కాగితం వినదు. ఇంట్లో చల్లగా ఉండే లోపలి గది, బయటి గోడకి ఆనని అల్మారా, నేల మీద నుంచి ఎత్తులో. 2023 జూలై వానలకి వరంగల్‌లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మంచం కింద డబ్బాల్లో పెట్టినవాళ్లు ఎంత ఏడ్చారో నాకు తెలుసు. విడి పుస్తకాలకైతే మైలార్ (పారదర్శక పాలిస్టర్) కవరు, ఆమ్లం లేని బోర్డు. బట్టల షాపు ప్లాస్టిక్ కవర్లు వద్దు, కలరా ఉండలు అసలే వద్దు.

చివరగా, చందమామల్ని గ్రేడింగుకి పంపాలా అని అడిగేవాళ్లకి. నా మాటైతే పంపకండి. వాటిని కొనేవాళ్లు తెరిచి బొమ్మలు చూసుకోవడానికి కొంటారు, ప్లాస్టిక్‌లో బిగించినదాన్ని ఏం చేసుకుంటారు? పైగా పంపే ఖర్చు చాలాసార్లు పుస్తకం ధరని మించిపోతుంది. పేజీలు పసుపెక్కాయని తూకానికి మాత్రం వేయకండి. 1947 జూలై మొదటి సంచిక మీ తాతల పెట్టెలో దొరికితే దాన్ని మడవకుండా, తుడవకుండా, ఎక్కడిదక్కడే ఉంచి ముందు నాకు ఫోన్ చేయండి, పేజీలు ఏ రంగులో ఉన్నా సరే.