సైనసైటిస్‌కు తేనెటీగ విషం: అల్ట్రాసౌండ్ ప్రయోగాల వెనుక కథ

తేనెటీగ విషం కలిపిన జెల్‌ను చెంపలకు, కనుబొమల పైభాగానికి రాసి, దాని మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను నెమ్మదిగా తిప్పితే సైనస్‌ల (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల) వాపు, అంటే సైనసైటిస్, తగ్గుతుందా అన్న ప్రశ్న ఇప్పుడు ఫిజియోథెరపీ పరిశోధనల్లోకి వచ్చింది. తేనెటీగ విషం, అల్ట్రాసౌండ్‌తో మందు పంపడం అనే ఈ రెండు చికిత్సలూ వేర్వేరు కాలాల్లో, కీళ్లనొప్పుల కోసమే పుట్టాయి.

నేటి స్లొవేనియాలోని మరిబోర్‌లో వైద్యం చేసిన ఫిలిప్ టెర్చ్, తేనెటీగ కాటుకూ కీళ్లవాతానికీ ఉన్న సంబంధం గురించి 1888లో వియన్నా వైద్య పత్రికలో రాశారు. అప్పట్లో మోతాదంటే కుట్టిన తేనెటీగల లెక్కే. 1963లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన పద్ధతిలో, తీగల మీద వాలిన తేనెటీగలకు స్వల్పంగా విద్యుత్తు తగిలితే అవి కింద పరిచిన పలుచని నైలాన్ గుడ్డను కుడతాయి. ఎండిన విషాన్ని గీకి తీస్తారు. విషాన్ని తూచి వాడటం దీనితో సులువైంది.

అల్ట్రాసౌండ్‌తో మందును చర్మంలోకి పంపే ఫోనోఫోరెసిస్‌కు ఆద్యులుగా ఫెలింగర్, ష్మిడ్ అనే పరిశోధకులను చెబుతారు. చేతి కీళ్లవాతానికి వారు వాపు తగ్గించే హైడ్రోకార్టిసోన్ మందును ఇలా ఇచ్చిన సంగతి 1954లో వెలువడింది. సైనసైటిస్ విషయానికొస్తే, ఏ మందూ కలపని అల్ట్రాసౌండ్‌ను నార్వే పరిశోధకులు యాంటీబయాటిక్‌తో పోల్చి, రెండింటి ఫలితమూ దాదాపు ఒకేలా ఉందని 2010లో ప్రకటించారు.

అసలు చిక్కు విషాన్ని చర్మం దాటించడంలోనే ఉంది. ఎండిన విషంలో దాదాపు సగం ఉండే మెలిటిన్ అనే పదార్థం అణుభారం సుమారు 2,850 డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలమానం) కాగా, 500 డాల్టన్లు దాటినవి చర్మం గుండా పోవడం కష్టమని సాధారణ అంచనా. 1995లో సమీర్ మిత్రగోత్రి అనే పరిశోధకుడి బృందం అంతకంటే పెద్దదైన ఇన్సులిన్‌ను చర్మం దాటించిన మాట నిజమే గానీ, వారు వాడింది 20 కిలోహెర్ట్జ్ ధ్వని. ఫిజియోథెరపీ యంత్రాలు సాధారణంగా పనిచేసేది దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువైన 1 లేదా 3 మెగాహెర్ట్జ్ వద్ద, కాబట్టి ఆ ఫలితం వీటికీ వర్తిస్తుందని అనుకోలేం. విషం లోపలికి పోకపోతే ప్రయోజనం లేదు. పోతే అలర్జీ భయం తప్పదు. స్పెయిన్‌లో రెండేళ్లుగా ఇబ్బంది లేకుండా తేనెటీగలతో కుట్టించుకున్న 55 ఏళ్ల మహిళ ఒక విడతలో తీవ్ర అలర్జీకి గురై, తర్వాత మరణించిన ఉదంతాన్ని అక్కడి వైద్యులు 2018లో నమోదు చేశారు.

కాబట్టి ఇలాంటి ప్రయోగంలో ప్రతి ఒక్కరికీ ముందుగా విషపు అలర్జీ పరీక్ష చేయాలి. విషం లేని జెల్‌తో అదే అల్ట్రాసౌండ్ పొందే బృందం కూడా ఉండాలి. ఆ బృందం లేకుండా వచ్చిన ఉపశమనాన్ని విషానికి జమకట్టడం తొందరపాటే, ఎందుకంటే నార్వేలో రోగులకు ఊరట ఇచ్చిన అల్ట్రాసౌండ్‌లో తేనెటీగ విషం లేనేలేదు.