జయపురం వడ్లు, మార్టేరు స్వర్ణ

ఒడిశా కొరాపుట్ జిల్లా జయపురం చుట్టుపక్కల మన తెలుగువాళ్ల పొలాల్లోనూ ఇప్పుడు కొనుక్కొచ్చే సంచి విత్తనానిదే రాజ్యం. ఒకప్పుడు మెట్టకు ఒకటి, మధ్య మడికి ఒకటి, పల్లానికి ఒకటి అని రైతులు రకరకాల వడ్లు దాచుకునేవారు. అవి ఎందుకు తగ్గాయో తెలియాలంటే 1943 బెంగాల్ కరువు దాకా వెళ్లాలి.

ఆ కరువులో లక్షల మంది చనిపోయారు. దాని తర్వాతే, 1946లో, కటక్‌లో కేంద్ర వరి పరిశోధనా సంస్థ వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు 1955 నుంచి నాలుగైదేళ్లు జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా నాటు రకాలు సేకరించారు. 1936లో ఒడిశాలో కలిసే దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న కొండ ప్రాంతమే ఇది. ఆసియా వరి పుట్టిళ్లలో ఇదొకటని శాస్త్రవేత్తలు చెబుతారు.

అయితే నాటు రకాలు పొడుగ్గా పెరుగుతాయి. ఎరువు ఎక్కువ వేస్తే ఒరిగిపోతాయి. జనాభా పెరుగుతోంది, బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వస్తోంది. 1966లో పొట్టి రకం ఐఆర్-8 రాగానే లెక్క మారిపోయింది. 1982లో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ (ఎంటీయూ 7029) వచ్చి ఒడిశాను కూడా చుట్టేసింది. ఆ రకాలు లేకపోతే ఇన్ని కోట్ల మందికి అన్నం దొరికేది కాదు, అందులో నాకు సందేహం లేదు.

కానీ స్వర్ణ ముంపుకు ఆగదు. నీట మునిగిన మామూలు పైరు పైకి రావాలని గబగబా సాగి, దాచుకున్న బలమంతా ఖర్చు చేసుకుని కుళ్లిపోతుంది. దీనికి మందు దొరికింది ఒడిశా నాటు రకం ధలపుటియాలోనే. దాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఎ మునిగినప్పుడు ఎదుగుదల ఆపి, బలం కూడదీసుకుని, రెండు వారాల దాకా తట్టుకుంటుంది. అందుకు కారణమైన సబ్-1ఎ జన్యువును 2006లో గుర్తించారు. ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1గా మన దేశంలో విడుదల చేశారు.

పాతబడిందని వదిలేసిన రకమే కొత్త రకాన్ని నిలబెట్టింది. రేపటి కరువుకో, తెగులుకో జవాబు ఏ గాదెలో ఉందో ఎవరికి తెలుసు? విత్తనాలు భద్రపరిచే శీతల గిడ్డంగిలో గింజ బతుకుతుంది గానీ, మారే వాతావరణానికి అలవాటు పడేది పొలంలోనే. జయపురం దగ్గరి పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి వందకు పైగా నాటు వడ్లను కాపాడారు. 2019లో పద్మశ్రీ అందుకున్న ఆమె 2024లో కన్నుమూశారు. కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాధాన్యమున్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది.

మద్దతు ధరకు వచ్చేసరికి మాత్రం వడ్లకు రెండే తరగతులు: సాధారణం, ఏ గ్రేడ్. తక్కువ పండే నాటు రకం వేసిన రైతుకూ క్వింటాలుకు అదే లెక్క. ఇక ఎవరు వేస్తారు? నాటు విత్తనాన్ని నిలబెట్టే రైతుకు ఎకరానికి ఇంత అని ప్రభుత్వం విడిగా చెల్లించాలి. వరదల్లో స్వర్ణ సబ్-1 నిలబెట్టిన పంటతో పోలిస్తే అది పెద్ద ఖర్చేమీ కాదు.