రక్షణ పేరుకే, సరుకుకు కాదు: భౌగోళిక సూచికలపై అపోహలు – వాస్తవాలు

ఉత్పత్తిదారుల సంఘాల తరఫున భౌగోళిక సూచిక దరఖాస్తులు తయారు చేయడం, నమోదైన పేర్లను దుర్వినియోగం చేసేవారికి నోటీసులు పంపడం నా వృత్తి. చట్టం బొత్తిగా తెలియనివారి కంటే, సగం తెలిసి ధీమాగా ఉన్నవారే ఈ రంగంలో ఎక్కువ నష్టపోవడం నేను గమనించాను. భౌగోళిక సూచిక నమోదును, అంటే జీఐ ట్యాగ్‌ను, సాధించగానే పని ముగిసిందనుకుని, ధ్రువపత్రానికి పటం కట్టించి గోడకు తగిలించి ఊరుకున్న సంఘాలను నేను చాలానే చూశాను. నా ముందుకు తరచుగా వచ్చే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: జీఐ వస్తే ఆ వస్తువును బయటివారెవరూ తయారు చేయకూడదు.

చట్టం కాపాడేది పేరును మాత్రమే. 1995 నుంచి అమల్లో ఉన్న, మేధో సంపత్తి హక్కులపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమైన ట్రిప్స్‌లోని 22వ అధికరణం ప్రకారం, ఒక సరుకు నాణ్యత గానీ, పేరుప్రఖ్యాతులు గానీ, మరో విశిష్ట లక్షణం గానీ ప్రధానంగా అది పుట్టిన ప్రాంతం వల్లే సంక్రమించినప్పుడు, ఆ సరుకు అక్కడిదని తెలిపే గుర్తే భౌగోళిక సూచిక. షాంపేన్ తయారీలో వైన్‌ను సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. అదే పద్ధతిలో తయారయ్యే స్పెయిన్ వారి కావా, ఇటలీ వారి ఫ్రాంచాకోర్టా వైన్లు తమ సొంత పేర్లతో నిరాటంకంగా అమ్ముడవుతున్నాయి. రక్షణ పొందే పేరు ఊరి పేరే కానక్కర లేదు. గ్రీకు భాషలో ‘ముక్క’ అని అర్థమిచ్చే ఫెటా అనే చీజ్ పేరు ఏ ఊరి పేరూ కాదు, అయినా ఐరోపా సమాఖ్యలో దానికి రక్షణ ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది. దరఖాస్తుతో పాటు సమర్పించే ఉత్పత్తి వివరణ పత్రంలో తయారీ విధానాన్ని రాయాలి, ఆ పత్రం ఎవరైనా చదవగలిగే బహిరంగ పత్రం. తరతరాలుగా గుట్టుగా ఉంచిన పాళ్లను, కిటుకులను ఉత్సాహం కొద్దీ అందులో పూసగుచ్చినట్టు రాసేస్తే, ఆ గుట్టును జీఐ కాపాడలేదు. అందుకే ఎంతవరకు రాయాలన్నది సంఘంతో కూర్చుని ముందుగానే తేల్చుకుంటాను.

అపోహ: ఇది ట్రేడ్‌మార్క్ లాంటిదే, ఎవరు నమోదు చేయించుకుంటే వారే యజమాని.

ట్రేడ్‌మార్క్ ఒక వ్యాపారి సరుకును మరో వ్యాపారి సరుకు నుంచి వేరు చేస్తుంది. భౌగోళిక సూచిక ఒక ప్రాంతపు సరుకును మిగిలిన ప్రాంతాల సరుకుల నుంచి వేరు చేస్తుంది కాబట్టి, ఆ ప్రాంతంలో ఉంటూ నిబంధనలు పాటించే ప్రతి ఉత్పత్తిదారుకూ ఆ పేరు వాడుకునే దారి తెరిచి ఉండాలి. 1999 నాటి భారత చట్టం ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. దాని 24వ సెక్షన్ ప్రకారం నమోదైన సూచికను అమ్మడానికి, లైసెన్సుకు ఇవ్వడానికి, తాకట్టు పెట్టడానికి వీలు లేదు. సంఘం పేరిట నమోదు కావడం మొదటి మెట్టు మాత్రమే. ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ పేరును వాడుకునే హక్కు ఉన్నవారిగా, విడిగా నమోదు కావాలి. సంఘాలు ఎక్కువగా మరచిపోయేది ఈ రెండో మెట్టునే. ఇక అమెరికాలో వీటిని ప్రధానంగా ధ్రువీకరణ మార్కులుగా, అంటే సరుకు నిర్ణీత ప్రమాణాలకు తగినట్టుందని తెలిపే గుర్తులుగా, నమోదు చేస్తారు. అక్కడ మార్కు యజమాని తాను ధ్రువీకరించే సరుకును స్వయంగా ఆ మార్కుతో అమ్మకూడదు.

అపోహ: వందల ఏళ్ల చరిత్ర ఉన్న ఆహార పదార్థాలకే జీఐ వస్తుంది.

ట్రిప్స్ ఒప్పందంలో వయసు నిబంధన లేదు. ప్రాంతానికీ సరుకుకూ మధ్య సంబంధాన్ని ఆధారాలతో చూపడమే అసలు పరీక్ష. హస్తకళలకు, పారిశ్రామిక వస్తువులకు కూడా రక్షణ ఉంటుంది. భారత చట్టం ఈ అవకాశాన్ని మొదటి నుంచీ ఇస్తుండగా, ఐరోపా సమాఖ్య వాటికోసం 2023లో చేసిన నిబంధనలను 2025 డిసెంబరు నుంచి వర్తింపజేసింది.

అపోహ: ఒకసారి నమోదైతే ప్రపంచమంతటా రక్షణ దొరికినట్టే.

ఇంతకంటే ఖరీదైన అపోహ మరొకటి లేదు. ఈ హక్కు దేశం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. గ్రూయేర్ చీజ్ పేరుకు స్విట్జర్లాండ్‌లోనూ, ఐరోపా సమాఖ్యలోనూ రక్షణ ఉండగా, అదే పేరును ధ్రువీకరణ మార్కుగా నమోదు చేయాలని స్విస్, ఫ్రెంచి ఉత్పత్తిదారులు కోరినప్పుడు, అమెరికా వినియోగదారుల దృష్టిలో అది ఒక రకం చీజ్‌కు సాధారణ నామమైపోయిందని అక్కడి అప్పీలు కోర్టు 2023లో తేల్చింది. దశాబ్దాల తరబడి ఆ పేరుతో ఎవరెవరో అమ్ముతూ రావడం అందుకు ఒక ముఖ్య కారణం. ఇంగ్లండ్‌లోని ఒక ఊరి పేరుతో వచ్చిన చెడ్డార్ అనే చీజ్ పేరు ఎప్పుడో ఇలాగే చేయి దాటిపోయింది.

అనేక దేశాల్లో ఒకే దరఖాస్తుతో రక్షణ కోరడానికి 1958 నాటి లిస్బన్ ఒప్పందం, దాన్ని విస్తరించిన 2015 నాటి జెనీవా చట్టం ఉన్నాయి గానీ, అవి సభ్యదేశాలకే పరిమితం. పైగా, పుట్టిన దేశంలో రక్షణ లేని పేరును, లేదా అక్కడే వాడుక తప్పిన పేరును కాపాడవలసిన బాధ్యత ఇతర దేశాలకు లేదని ట్రిప్స్ 24వ అధికరణం చెబుతుంది. కనుక ఇంట గెలవకుండా రచ్చ గెలవడం ఇక్కడ అసాధ్యం. సరుకు ఎక్కడికి ఎగుమతి అవుతుందో, నకిలీ ఎక్కడ పుడుతుందో చూసి ఆయా దేశాల్లో దరఖాస్తు చేయమనే నేను సలహా ఇస్తాను.

అపోహ: పేరు పక్కన ‘తరహా’, ‘రకం’ అని చేరిస్తే తప్పు కాదు.

సమాధానం సరుకును బట్టీ, దేశాన్ని బట్టీ మారుతుంది. వైన్లకు, మద్యాలకు ట్రిప్స్ 23వ అధికరణం గట్టి రక్షణ ఇస్తుంది. అసలు పుట్టుక స్పష్టంగా రాసినా, ‘తరహా’ అని చేర్చినా ఉల్లంఘనే. మిగిలిన సరుకుల విషయంలో వినియోగదారు తప్పుదోవ పట్టాడనో, అది అనుచిత పోటీ అనో చూపించాలి. ఐరోపా సమాఖ్య ఈ తేడా పాటించకుండా పేరును స్ఫురింపజేయడాన్ని కూడా నిషేధించింది. షాంపేన్‌ను గుర్తుకు తెచ్చే ‘షాంపనియో’ పేరును స్పెయిన్‌లోని బార్లకు పెట్టిన వివాదంలో, ఈ రక్షణ సేవలకూ వర్తిస్తుందని ఐరోపా న్యాయస్థానం 2021లో చెప్పింది. దీనికి భిన్నంగా, ఒక హోటల్ తన లాంజ్‌కు డార్జిలింగ్ పేరు పెట్టడంపై, ఆ పేరును తేయాకుకు జీఐగా నమోదు చేయించిన టీ బోర్డు వేసిన దావాను 2019లో కలకత్తా హైకోర్టు కొట్టివేసింది. అక్కడ నమోదైన హక్కు తేయాకుకు సంబంధించినది, లాంజ్‌కు కాదు.

అపోహ: ట్యాగ్ వస్తే ధర దానంతటదే పెరుగుతుంది, ఆ లాభం రైతుకు చేరుతుంది.

ఐరోపా కమిషన్ 2020లో వెలువరించిన అధ్యయనాన్ని అందరూ ఉదహరిస్తారు. దాని ప్రకారం 2017లో రక్షిత పేర్ల సరుకుల అమ్మకాలు 7,476 కోట్ల యూరోలు, రక్షిత పేరు లేని సాటి సరుకులతో పోలిస్తే వాటి విలువ సగటున రెట్టింపు. కానీ ఆ సగటును విడదీసి చూడాలి. వైన్లలో ఆ నిష్పత్తి 2.85 కాగా, వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల్లో 1.5 మాత్రమే. అంతేకాక, అది అమ్మకపు విలువల మధ్య తేడా. తనిఖీలకు, నిబంధనల పాలనకు అయ్యే ఖర్చు అందులోంచి తీసివేయలేదు. ఆ తేడా అంతా ట్యాగ్ మహిమేనని కూడా అనలేం. ముందే పేరున్న సరుకుకే ట్యాగ్ వస్తుంది గనుక, ఏది ఎంత తెచ్చిపెట్టిందో విడదీయడం కష్టం.

లాభం ఎవరికి చేరాలన్నది వివరణ పత్రంలోని షరతులే చాలావరకు నిర్ణయిస్తాయి. ఫ్రాన్స్‌లోని కోంటే చీజ్‌నే తీసుకోండి. పాలు 25 కిలోమీటర్ల వ్యాసం దాటని వలయంలోనే సేకరించాలి, పశువులకు పులియబెట్టిన మేత పెట్టకూడదు, చీజ్‌ను కనీసం 120 రోజులు మాగబెట్టాలి. ఈ షరతుల వల్ల చిన్న సహకార కేంద్రాలు నిలబడ్డాయి, రైతుకు పాల ధర మామూలు పాల కంటే మెరుగ్గా దక్కుతోంది. 1974 నుంచి రక్షణ ఉన్న మెక్సికో మద్యం టెకీలా కథ వేరు. ఒక తరగతి టెకీలాలో అగావే అనే మొక్క నుంచి వచ్చే చక్కెర 51 శాతం ఉంటే చాలు, మిగతాది వేరే చక్కెరతో నింపవచ్చు. అగావే కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ధర ఆకాశానికీ పాతాళానికీ ఊగుతుంటే ఆ దెబ్బ రైతుపైనే పడుతుంది. రెండు పేర్లూ లోక ప్రసిద్ధమే, రెండింటికీ చట్ట రక్షణ ఉంది.

అందుకే వివరణ పత్రం ముసాయిదా చేసేటప్పుడు సరిహద్దు గీతల కోసం గంటల తరబడి వాదులాడుకునే సంఘాలను, ముడిసరుకు ఎక్కడి నుంచి రావాలి, తనిఖీ ఎవరు చేస్తారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అనే మూడు ప్రశ్నల దగ్గరకు బలవంతంగానైనా తీసుకువస్తాను. మూడో ప్రశ్న వేయగానే గదిలో కాసేపు నిశ్శబ్దం ఆవరిస్తుంది. దానికి జవాబు రాకుండా నేను దరఖాస్తు దాఖలు చేయను.