పళ్ల చికిత్సకు మత్తు: అపోహలు - వాస్తవాలు

పన్ను నొప్పిని పంటి బిగువున భరిస్తూ ఏళ్లు గడిపేసేవాళ్లను చాలామందిని చూశాను. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు ఒక ఫిల్లింగ్‌తో తేలిపోయే పని, వాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి రూట్ కెనాల్ దాకానో, పన్ను పీకేదాకానో వస్తుంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే తీరిక లేదంటారు గానీ, కాసేపు మాట్లాడితే బయటపడేది భయమే. అలాంటివాళ్లకు మందుతో టెన్షన్ తగ్గించి చికిత్స చేసే సెడేషన్ పద్ధతి ఉంది. దాని గురించి నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: మత్తు ఇచ్చారంటే ఒళ్లు తెలియకుండా నిద్రపోతాం

అది జనరల్ అనస్థీషియా. దానికి మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్‌లో ఉండే ఏర్పాట్లు కావాలి. పళ్ల క్లినిక్‌లో ఎక్కువగా ఇచ్చే సెడేషన్‌లో మీరు మేలుకునే ఉంటారు. ఊపిరి మీరే తీసుకుంటారు, "నోరు ఇంకాస్త తెరవండి" అంటే తెరుస్తారు. గుండె దడ తగ్గుతుంది. డ్రిల్ చప్పుడు వినిపిస్తూనే ఉన్నా పట్టించుకోవాలనిపించదు.

నైట్రస్ ఆక్సైడ్, అంటే లాఫింగ్ గ్యాస్, ఇచ్చేటప్పుడు ముక్కు మీద చిన్న మాస్క్ పెడతాం. మొదట ఉత్త ఆక్సిజన్ ఇచ్చి, తర్వాత గ్యాస్‌ను కొద్దికొద్దిగా పెంచుతాం. కొన్ని నిమిషాల్లోనే వేళ్ల చివర్లు జుమ్మంటాయి, కాళ్లు బరువెక్కినట్టు, ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది. ఆ సమయంలో నేను రోగి చేతులను గమనిస్తుంటాను. అప్పటిదాకా కుర్చీని బిగించి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయంటే మోతాదు సరిపోయినట్టే. చాలామందికి గ్యాస్ 30 నుంచి 50 శాతం మధ్యలో ఉంటే చాలు, మిగతాదంతా ఆక్సిజనే. పని అయ్యాక మళ్లీ ఐదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇస్తాం. గ్యాస్ ఊపిరితోనే బయటికి పోతుంది.

నరానికి ఇచ్చే మిడజోలం అనే మత్తు మందు సంగతి వేరు. చికిత్స జరుగుతున్నంతసేపూ అడిగినదానికల్లా జవాబు చెప్పినవాళ్లు కూడా తర్వాత "మొత్తం నిద్రపోయాను డాక్టర్‌గారూ" అంటారు. ఆ మందు ఆ కాసేపటి జ్ఞాపకాలను నిలవనివ్వదు. నిద్రపుచ్చుతారన్న మాట చాలావరకు అక్కడి నుంచే పుట్టి ఉంటుంది.

అపోహ: మత్తు ఇస్తే తిమ్మిరి ఇంజెక్షన్ అక్కర్లేదు

కావాలి. గ్యాస్ నొప్పిని కొంత తగ్గిస్తుంది, మిడజోలం అయితే అసలు తగ్గించదు. నొప్పిని ఆపేది లిగ్నోకెయిన్ లాంటి తిమ్మిరి మందే. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. మరుసటి నెల బోస్టన్‌లో నలుగురి ముందూ చేసి చూపించబోతే, పన్ను పీకుతుండగా రోగి కేక పెట్టాడు. ఈ రోజుల్లో నొప్పి ఆపడానికి ఆ గ్యాస్ ఒక్కదాన్నే ఎవరూ నమ్ముకోరు.

సూది అంటేనే భయపడేవాళ్లకు ఇందులో ఒక ఊరట ఉంది. ముందు మత్తు, తర్వాత చిగురు మీద మొద్దుబారే జెల్, ఆ తర్వాతే సూది. మందును నెమ్మదిగా ఎక్కిస్తే ఆ నొప్పి కూడా బాగా తగ్గుతుంది.

అపోహ: సెడేషన్ చాలా ప్రమాదం

దీనికి వ్యతిరేకమైన మాట, "అందులో ప్రమాదమే లేదు" అన్నది కూడా అంతే తప్పు. ప్రమాదం ఎంతన్నది మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: మీ ఆరోగ్యం, ఎంచుకున్న మందు, ఇచ్చే మనిషి.

మిడజోలంను ఒక్కసారిగా ఎక్కించం. కొంచెం ఇచ్చి, ఆగి, చూస్తాం. మాట కాస్త ముద్దగా వచ్చి, రెప్పలు బరువెక్కితే అక్కడితో ఆపేస్తాం. పెద్ద వయసువాళ్లకు చాలా తక్కువ మందే పనిచేస్తుంది. చికిత్స సాగినంతసేపూ వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ ఆక్సిజన్ శాతాన్ని, నాడిని చూపిస్తూ ఉంటుంది. మత్తు మరీ ఎక్కువైతే విరుగుడుగా ఫ్లుమజెనిల్ ఉంది. అయితే దాని ప్రభావం మిడజోలం కంటే ముందే తగ్గిపోతుంది. అందుకే విరుగుడు ఇచ్చాక రోగిని వెంటనే ఇంటికి పంపకూడదు, మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు.

ఇక మీ వైపు నుంచి మాకు తెలియాల్సినవి ఉన్నాయి. గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందా, మద్యం తీసుకుంటారా, నొప్పికి ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి) వాడుతున్నారా, గర్భంతో ఉన్నారా, ఇవన్నీ చెప్పాలి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా మిడజోలం ప్రభావాన్ని పెంచేస్తుంది. ముక్కు దిబ్బడ మామూలు విషయంలా అనిపించినా, ముక్కుతో పీల్చలేనివాళ్లకు గ్యాస్ పనిచేయదు. ఈ మధ్య కంటి ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెట్టించుకున్నవాళ్లకు నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే చూపే పోవచ్చు.

మీరూ మొహమాటపడకుండా అడగండి. మత్తు ఇచ్చేవాళ్లకు అందులో శిక్షణ ఉందా, డాక్టరు పన్ను మీద పనిచేస్తుంటే మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరు, ఆక్సిజన్, విరుగుడు మందు అదే గదిలో ఉన్నాయా? ఇలా అడిగారని విసుక్కునే చోట మత్తు తీసుకోవద్దనే నేను చెబుతాను.

అపోహ: ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేసుకుని వస్తే సరిపోతుంది

దయచేసి ఆ పని చేయకండి. మాత్రకు మోతాదు సరిదిద్దుకునే వీలుండదు, ఒకసారి మింగాక ఎంత ఎక్కుతుందో అంతే. పైగా ఆ సంగతి చెప్పకుండా వస్తే, దాని మీద మేం ఇంకో మందు ఇస్తాం. ఊపిరి మందగించేది అలాంటప్పుడే. మాత్రతో ఇచ్చే సెడేషన్ ఉంది, కానీ అది మీ వివరాలన్నీ చూసి డాక్టరు నిర్ణయించాల్సింది.

అపోహ: పెద్దవాళ్లకు ఇచ్చేదే పిల్లలకు కాస్త తగ్గించి ఇస్తారు

చిన్నపిల్లల్లో తేలికపాటి మత్తు కూడా అనుకోకుండా లోతుగా దిగవచ్చు. వాళ్ల శ్వాసనాళం సన్నం, ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. మిడజోలం ఇస్తే కొందరు నెమ్మదించకపోగా మరింత ఏడ్చి గొడవ చేస్తారు. అందుకే పిల్లలకు ముందుగా గ్యాస్ ఆలోచిస్తాం, అది చాలకపోతే పిల్లల విషయంలో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరికే పంపుతాం. తల్లిదండ్రులకు ఒక విన్నపం: "సూది ఉండదులే" అని నమ్మించి తీసుకురాకండి. సూది కనబడ్డాక ఆ బిడ్డ మిమ్మల్నీ నమ్మదు, మమ్మల్నీ నమ్మదు.

అపోహ: అవగానే బండి మీద వెళ్లిపోవచ్చు

గ్యాస్ ఒక్కటే తీసుకున్న పెద్దవాళ్లు, పూర్తిగా తేరుకున్నారని డాక్టరు చూశాక వెళ్లవచ్చు. మాత్రో, నరానికి ఇంజెక్షనో అయితే తోడు మనిషి ఉండాల్సిందే. ఆ 24 గంటలూ బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. తినడం తాగడం ఎప్పుడు ఆపాలో మందును బట్టి ముందే చెబుతారు, అది తప్పకూడదు.

అపోహ: ఒక్కసారి మత్తులో చేయించుకుంటే భయం పోతుంది

మత్తుతో ఆ రోజు పని జరుగుతుంది. భయం మాత్రం చాలామందిలో అలాగే ఉంటుంది. జరిగినదేదీ గుర్తు లేకపోతే, "ఏం కాలేదు, తట్టుకున్నాను" అన్న అనుభవం మనసుకు ఎక్కడి నుంచి వస్తుంది? భయాన్ని తగ్గించడంలో బాగా పనిచేసేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచించే తీరును, ప్రవర్తనను మార్చే మానసిక చికిత్స. భయపడే వస్తువును, సందర్భాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేయించడం అందులో ఒక భాగం. నొప్పితో వాచిపోయి వచ్చినవాళ్లకు అంత ఓపిక ఉండదు, వాళ్లకు మత్తు ఇచ్చి ముందు పన్ను సంగతి చూడాలి. తర్వాత వచ్చే చిన్న పనులకు మత్తు తగ్గించుకుంటూ రావడం నా పద్ధతి: మొదట మిడజోలం, తర్వాత గ్యాస్, ఆ తర్వాత తిమ్మిరి ఇంజెక్షన్ ఒక్కటే. చేయి ఎత్తితే ఎక్కడున్న పని అక్కడ ఆపేస్తానని ముందే మాట ఇస్తాను, ఆపుతాను కూడా. అందరూ చివరి మెట్టు దాకా రారు. రానివాళ్లకు ప్రతిసారీ గ్యాస్ ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "నాకు భయం" అని ఒక్క మాట చెప్పండి. మొదటి రోజు ఏ పనిముట్టూ బయటికి తీయకుండా, మాట్లాడుకోవడానికే సమయం పెట్టుకోవచ్చు.